ఎవరు ఆశిస్తున్నారు?

2017 వేసవిలో నా సిద్ధాంత వ్యాసం చివరి అధ్యాయం గైడ్ గారి దగ్గర్నించి తిరిగొచ్చింది. ఎర్ర ఇంకు పెద్దగా లేదు. ఆఖరి పేజీలో మాత్రం ఒక మాట చుట్టూ సున్నా చుట్టి, పక్కన మార్జిన్‌లో ఒక ప్రశ్న రాశారు. ఆ మాట 'హోప్‌ఫుల్లీ'. ప్రశ్న 'హూ హోప్స్?' ఎవరు ఆశిస్తున్నారు?

నేను ఇంగ్లీషులో రాసిన ఆ వాక్యం సారాంశం ఇది: హిందూసుందరి, గృహలక్ష్మి వంటి పాత పత్రికల్లో అచ్చయి, ఆ పుటల్లోనే ఉండిపోయిన స్త్రీల కథలు, హోప్‌ఫుల్లీ, ఒకనాటికి సంకలనాలుగా వస్తాయి. తెలుగు స్త్రీల కథలకు వచ్చిన ఇంగ్లీషు అనువాదాలు నా పరిశోధన విషయం. అయిదేళ్లు ఆ పనిలో ఉన్నాక మిగిలిన ఒక్క కోరిక ఆ వాక్యంలో పెట్టుకున్నాను. ఆయన దాన్ని కొట్టేసి 'ఇట్ ఈజ్ హోప్డ్ దట్' అని మొదలుపెట్టమన్నారు. మొదలుపెట్టాను. డిగ్రీ వచ్చింది.

'ఇట్ ఈజ్ హోప్డ్' అన్నప్పుడు మాత్రం ఎవరు ఆశిస్తున్నట్టు? ఈ ప్రశ్న నాకు తట్టడానికి చాలా రోజులు పట్టింది. అందులోనూ ఆశించే మనిషి లేదు. ఆశ ఏదో గాల్లోంచి ఊడిపడినట్టే ఉంటుంది. తేడా ఒక్కటే. హోప్‌ఫుల్లీ అనేది బస్టాపులోనూ, ఫోనులోనూ నలిగే మాట. 'ఇట్ ఈజ్ హోప్డ్' కోటు వేసుకున్న మాట. వ్యాకరణం పేరుతో నాకు జరిగింది దుస్తుల మార్పిడి.

ఆ తర్వాత కుతూహలం కొద్దీ నా వ్యాసమంతా తిరగేశాను. 'ఆబ్వియస్లీ' ఉంది, 'నేచురల్లీ' ఉంది, 'అన్‌డౌటెడ్లీ' అయితే పేజీ విడిచి పేజీలో ఉంది. ఒక్కదానికీ సున్నా చుట్టలేదు. ఎవరికి ఆబ్వియస్, ఎవరి అనుమానం తీరిపోయింది అని మార్జిన్‌లో ఎవరూ అడగలేదు. 'సహజంగానే' అని నేను నాలుగు మాటలు రాసేస్తే, ఆ సహజం ఎవరి సహజమో అడగాల్సింది పోయి, గైడ్ గారూ బయటి పరీక్షకులూ తలూపి ముందుకెళ్లారు. నాకు తెలియదు గానీ జరగాలని ఉంది అని ఒప్పుకున్న ఒక్క చోటే పట్టుకున్నారు.

ఆయన్ని తప్పు పట్టడం కాదు. ఆ సున్నా ఆయన కనిపెట్టింది కాదు. దానికో చరిత్ర ఉంది.

హోప్‌ఫుల్లీకి మొదటి అర్థం మన 'ఆశగా'. 17వ శతాబ్దం నుంచీ ఇంగ్లీషులో అలాగే ఉంది. కుక్కపిల్ల ఆశగా గుమ్మం వైపు చూసింది అన్నట్టు, చూసే ప్రాణి ఒకటుంటుంది, ఆశ దానిది. జరగబోయేదాని గురించి వాక్యం మొత్తానికీ ముందు తగిలించే రెండో వాడుక 1930లలోనే అమెరికన్ పత్రికల్లో కనిపిస్తుంది. అప్పుడు ఎవరూ ఉలిక్కిపడలేదు. 1960లు వచ్చేసరికి ఆ వాడుక ఊరూవాడా పాకింది. దాంతోపాటే కోపమూ పుట్టింది. రేపు, హోప్‌ఫుల్లీ, వాన పడుతుంది అంటే వాన ఆశగా పడుతుందా అని వెక్కిరింపు. జర్మన్ భాషలో ఇదే పని చేసే 'హోఫెంట్లిష్' అనే మాట ఉంది కాబట్టి, చేతకాని అనువాదకులెవరో దాన్ని ఇంగ్లీషులోకి లాక్కొచ్చారని ఒక ఊహ కూడా లేచింది. ఏ భాష చెడినా ముందు అనువాదకుల వైపు వేలెత్తడం అక్కడా ఉందన్నమాట. కళాశాలల్లో తరతరాలుగా చదివిస్తున్న స్ట్రంక్, వైట్‌ల శైలి పుస్తకంలో, 1959 కూర్పులో లేని ఈ ఆక్షేపణ 1970ల కూర్పుల్లోకి ఎక్కింది.

నన్ను నిలబెట్టేసిన లెక్క ఒకటుంది. అమెరికన్ హెరిటేజ్ నిఘంటువు వాళ్లు రచయితలు, సంపాదకులు, పండితులతో ఒక సలహా బృందాన్ని పెట్టుకుని, ఫలానా వాడుక మీకు సమ్మతమేనా అని అడుగుతూ వచ్చారు. 1968లో అడిగితే ఈ హోప్‌ఫుల్లీని 44 శాతం మంది ఒప్పుకున్నారు. 1986లో మళ్లీ అడిగితే ఒప్పుకున్నవాళ్లు 27 శాతం. జనం నోట ఆ మాట పెరుగుతున్న కొద్దీ పెద్దల సమ్మతి తరిగింది! మామూలుగా వాడుక పెరిగితే అలవాటు పడతారు. ఇక్కడ అది తిరగబడింది. అర్థం కాకపోవడం వల్ల వచ్చిన కోపమైతే ఇరవై ఏళ్లలో చల్లారాలి. ఇది గుమ్మం దగ్గర కాపలా. ఈ మాట వాడావా లేదా అన్నదాన్ని బట్టి నువ్వు లోపలి మనిషివో బయటి మనిషివో తేలిపోతుంది.

వ్యాకరణం వైపు నుంచి చెప్పగలిగింది ఏమీ లేదని కాదు. 'ఫార్చునేట్లీ' అంటే 'ఫలానాది జరగడం అదృష్టం' అని విప్పి చెప్పుకోవచ్చు, హోప్‌ఫుల్లీని అలా విప్పలేం అంటారు. నిజమే. 'థాంక్‌ఫుల్లీ'నీ అలా విప్పలేం మరి. వాన వెలిసింది థాంక్‌ఫుల్లీ అంటే కృతజ్ఞత వానది కాదు కదా. దాని మీద ఇంత రభస జరగలేదు. చివరికి అసోసియేటెడ్ ప్రెస్ శైలి పుస్తకం 2012 ఏప్రిల్‌లో ఈ వాడుకను ఒప్పేసుకుంది. అంటే నా పేజీలో సున్నా పడేనాటికి, ఆ నియమాన్ని దాని కాపలాదారుల్లో పేరున్నవాళ్లు వదిలేసి అయిదేళ్లయింది. నియమం పుట్టినచోట చచ్చిపోయినా, మన విశ్వవిద్యాలయాల్లో దాని తద్దినం మాత్రం శ్రద్ధగా జరుగుతూనే ఉంటుంది.

ఈ కాపలాదారుల్లో నాకు మరిచిపోలేని మనిషి జీన్ స్టాఫర్డ్. తన కథల సంపుటికి 1970లో పులిట్జర్ అందుకున్న రచయిత్రి. తన ఇంటి తలుపు మీద, ఈ మాటను ఇక్కడ తప్పుగా వాడినవాళ్లకి అవమానం తప్పదని బోర్డు పెట్టుకున్నానని ఆమె చెప్పినట్టు 1970ల నాటి వాడుక నిఘంటువొకటి నమోదు చేసింది. సగం హాస్యమే అయి ఉంటుంది. మొదటిసారి చదివి నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. ఆ తరంలో ఒక స్త్రీ సాహిత్యంలో నిలబడాలంటే ఆమె భాషలో ఎక్కడా వేలు పెట్టే సందు ఉండకూడదు. మగవాడి తప్పు శైలి అవుతుంది, ఆడదాని తప్పు తప్పే అవుతుంది. ఆ బోర్డు వెనక ఉన్నది గర్వమో భయమో నాకు తెలియదు గానీ, భయం కూడా ఉండొచ్చని ఊహించడానికి నాకు నా అనుభవం చాలు. మా ఇంట్లో ఇంగ్లీషు చదివిన మొదటి ఆడపిల్లని నేను.

అందుకే 2019లో ఆ పని నేనూ చేశాను. డిగ్రీ మూడో సంవత్సరం అమ్మాయి ప్రాజెక్టు పని తెచ్చింది. వాళ్ల వీధిలో బీడీలు చుట్టే స్త్రీల మాటలు రికార్డు చేసి, ఇంగ్లీషులోకి మార్చి రాసింది. చివర, వీళ్ల కూతుళ్లు, హోప్‌ఫుల్లీ, ఈ పనిలోకి రారు అని ముగించింది. నా చెయ్యి దానంతటదే సున్నా చుట్టింది. పక్కన అదే ప్రశ్న రాసింది. ఎర్ర ఇంకే. రెండ్రోజుల తర్వాత ఆ అమ్మాయి కాగితం పట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చింది. 

"మేడమ్, ఇక్కడ ఎవరు ఆశిస్తున్నారు అని రాశారు. నేనే కదా మేడమ్? ఇంకెవరు ఆశిస్తారు?"

ఆ పిల్ల ఎదురు చెప్పడం లేదు. నిజంగానే అడిగింది. సున్నా కొట్టేసి సంతకం పెట్టి పంపించాను. తన తల్లి కూడా ఆ రికార్డింగుల్లో ఉందని తర్వాత తెలిసింది.

స్త్రీల భాష గురించి మాట్లాడేటప్పుడు మనం రాబిన్ లేకాఫ్ దగ్గర మొదలుపెడతాం. 1973లో వ్యాసంగానూ, 1975లో పుస్తకంగానూ వచ్చిన 'లాంగ్వేజ్ అండ్ ఉమన్స్ ప్లేస్'లో ఆమె, స్త్రీలకి నిక్కచ్చిగా మాట్లాడే అలవాటు చేయరనీ, అందుకే 'అనుకుంటాను', 'కదా', 'ఒకరకంగా' వంటి మెత్తని మాటలు వాళ్ల సంభాషణలో ఎక్కువనీ అన్నారు. అలా మాట్లాడితే బలహీనురాలంటారు, మాట్లాడకపోతే ఆడతనం లేదంటారు అన్న ఇరకాటాన్ని ఆమె పట్టుకున్నంత స్పష్టంగా అప్పటికి ఎవరూ పట్టుకోలేదు. తర్వాత ఓబార్, ఆట్కిన్స్ అనే ఇద్దరు పరిశోధకులు నార్త్ కరొలైనా కోర్టుల్లో సాక్షుల మాటల్ని పరిశీలించి 1980లో ప్రకటించిన వ్యాసం ఈ వాదాన్ని కాస్త పక్కకి జరిపింది. ఆ మెత్తని మాటలు ఆడవాళ్లందరికీ లేవు. నిపుణురాలిగా వచ్చిన వైద్యురాలి నోట తక్కువ, కోర్టంటే బెదురున్న పేద మగవాడి నోట ఎక్కువ. అది ఆడభాష కాదు, అధికారం లేనివాళ్ల భాష. అలా మాట్లాడే సాక్షుల్ని వినేవాళ్లు తక్కువగా నమ్ముతారని అదే బృందం చేసిన ప్రయోగాల్లో తేలింది. న్యూజీలాండ్‌లో జానెట్ హోమ్స్ ఇంకో మెలిక చూపించారు. 'కదా' అనేది ఎప్పుడూ అనుమానం కాదు, చాలాసార్లు ఎదుటి మనిషిని మాటల్లోకి లాగడానికి వేసే పీట.

వీళ్ల పక్కన హోప్‌ఫుల్లీని పెట్టి చూస్తే అది ఒక వింత మాట. అనుమానం ఉంది, కానీ వట్టి అనుమానం కాదు. కోరిక ఉంది, కానీ కోరుతున్నానని పైకి అనదు. జరగబోయేది నా చేతిలో లేదు, అయినా నేను దాని పక్షాన ఉన్నాను అని ఒక్క మాటలో చెబుతుంది. ఇది తెలుగులోకి ఎలా వస్తుంది?

రాదు. నిఘంటువులు 'ఆశాజనకంగా' అంటాయి. పత్రికల్లో పంటలు ఆశాజనకంగా ఉంటాయి, చర్చలు ఆశాజనకంగా సాగుతాయి. అక్కడ ఆశ పుట్టించే గుణం పంటది. నా కోరికతో దానికి పని లేదు. అనువాదకులం తొందరలో 'బహుశా' పెట్టేస్తాం. నేనూ పెట్టాను. 'బహుశా'కి తూకం తెలుసు గానీ ఆశ తెలియదు. బహుశా ఉద్యోగం పోతుంది అని కూడా అనొచ్చు. ఇక మిగిలింది 'ఆశిద్దాం'. అది మనందర్నీ వరసలో నిలబెట్టి ఆశ పెట్టుకోమనే సంపాదకీయపు మాట. దాని చుట్టం 'ఆశిస్తున్నాను'. ఈ పత్రిక చదివే రచయిత్రులకి దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. మన మొదటి కథల సంపుటులకి పెద్దలు రాసిచ్చే ముందుమాటల చివరి వాక్యం చూడండి. రచయిత్రి ముందుముందు మరింత విస్తృతమైన జీవితాన్ని చిత్రిస్తారని ఆశిస్తున్నాను! ఇందులో ఎవరు ఆశిస్తున్నారో చక్కగా తెలుస్తూనే ఉంది, గైడ్ గారి ప్రశ్నకి జవాబు ఉంది. ఇక్కడి ఆశలో అనుమానం కూడా లేదు. అది ఎత్తున కూర్చున్న వాళ్లు కిందికి వేసే మార్కు.

తెలుగులో ఈ పని క్రియావిశేషణం చెయ్యదు. క్రియ చివర తగిలే చిన్న చిన్న ముక్కలు చేస్తాయి. వస్తుందేమో. వస్తే బాగుండు. రావాలి మరి. అన్నిటికన్నా ఎక్కువగా 'లే'. వస్తుందిలే.

పరిశోధన అయ్యాక నేను ఒప్పంద ఉద్యోగంలో చేరాను. ఏటా వేసవిలో పొడిగింపు ఉత్తరం కోసం చూడాలి. ఆ రోజుల్లో మా అమ్మతో ఫోను మాటలు రోజూ ఒకటే. ఉత్తరం వచ్చిందా? ఇంకా రాలేదమ్మా. వస్తుందిలేవే. ఆ ఉత్తరం సంగతి మా అమ్మకి ఏమీ తెలియదు. వచ్చే అవకాశం ఎంతుందో లెక్క కట్టి ఆ మాట అనలేదు. నా దిగులు కాసేపు తను పట్టుకుంటానని చెప్పింది. హోమ్స్ చెప్పిన పీట ఇదే.

అయితే ఇదే 'లే' ఇంకో చోట విన్నాను. పెళ్లయిన మూడో నెలలో పుట్టింటికి తిరిగొచ్చిన మా బంధువుల అమ్మాయితో ఇంటి పెద్దలందరూ అన్న మాట: మారతాడులే. అనువాదం చేస్తూ ఇలాంటి మాటలు మన కథల్లో ఎన్నిసార్లు ఎదురయ్యాయో. 'హి విల్ చేంజ్' అని రాస్తే అది జోస్యం అయిపోతుంది. 'హోప్‌ఫుల్లీ, హి విల్ చేంజ్' అని ఒకసారి రాశాను. రాసి చదువుకుంటే తప్పని తెలిసింది. ఆ మాట అన్నవాళ్లు ఏమీ ఆశించడం లేదు. వాళ్లు మాట మూసేస్తున్నారు. మా అమ్మ 'లే'లో తలుపు తెరుచుకుంటే, ఈ 'లే'లో గడియ పడుతుంది. రెండిటికీ అక్షరం ఒకటే, వ్యాకరణం ఒకటే. ఎవరు, ఎవరితో, ఏ గదిలో నిలబడి అన్నారన్నదే వేరు. ఆ వాక్యానికి చివరికి నేను ఎంచుకున్న ఇంగ్లీషు 'హి విల్ కమ్ రౌండ్, నౌ గో ఇన్'. లోపలికి వెళ్లు అన్నది మూలంలో లేదు. 'లే'లో ఉంది. సమీక్షకులొకరు దాన్ని అనవసరపు చేర్పు అన్నారు. నేను తీసెయ్యలేదు.

ఇదంతా తేలాక హోప్‌ఫుల్లీని వెనకేసుకురావడమే నా పక్షం అనుకున్నాను. సిద్ధాంత వ్యాసాన్ని పుస్తకంగా సవరించేటప్పుడు ఆఖరి పేజీలో 'ఇట్ ఈజ్ హోప్డ్' తీసేసి నా పాత మాటే పెట్టుకున్నాను. అచ్చు చూసినవాళ్లెవరూ దాని జోలికి రాలేదు. ఒక వ్యాసం కూడా మొదలుపెట్టాను, ఆ మాటని సమర్థిస్తూ. ఆ వ్యాసం ఇది కాదు. అది సగంలో ఉండగా ఉత్తరం వచ్చింది.

మా కార్యాలయం నుంచి వచ్చిన ఇంగ్లీషు ఉత్తరం, నాతోపాటు పనిచేస్తున్న మరో పదకొండు మందికీ అదే నకలు. అందులో తొమ్మిది మంది ఆడవాళ్లం. మీ సేవలు వచ్చే విద్యాసంవత్సరంలో, హోప్‌ఫుల్లీ, కొనసాగించబడతాయి. బకాయి ఉన్న వేతనం, హోప్‌ఫుల్లీ, త్వరలో విడుదలవుతుంది. ఒకే పేరాలో రెండుసార్లు. కొనసాగించవలసింది ఎవరు? విడుదల చెయ్యవలసింది ఎవరు? ఉత్తరం రాసినవాళ్లే. తమ చేతిలో ఉన్న పనిని వాన కురవడం లాంటి సంగతిగా మార్చేసి, మాతోపాటు వాళ్లూ ఆకాశం వైపు చూస్తున్నారు. కర్మణి ప్రయోగం సరిపోలేదు, దానికి తోడు ఈ మాట. ఇక్కడ సంతకం కింద హోదా ఉంది, ముద్ర ఉంది, వాక్యంలో మాత్రం మనిషి లేరు.

ఎర్ర పెన్ను వెతుక్కున్నాను. నా పేజీలో, ఆ బీడీ కార్మికుల వీధి అమ్మాయి పేజీలో అసందర్భంగా పడిన ప్రశ్న పడవలసిన చోటు ఇదే. నిర్ణయించే అధికారం లేనివాళ్లు హోప్‌ఫుల్లీ అంటే ఎవరు ఆశిస్తున్నారో వెతకనక్కర్లేదు, చెబుతున్న మనిషే ఆశిస్తోంది. అధికారం ఉన్నవాళ్లు అన్నప్పుడు మాత్రం అడిగి తీరాలి. పాత వ్యాకరణవేత్తలు వేసింది మంచి ప్రశ్నే. వాళ్లు దాన్ని తీసుకెళ్లి విద్యార్థుల మెడ మీద పెట్టారు.

స్టాఫ్ రూములో ఈ మాట అంటే కొందరు నవ్వారు. ఒకావిడ మాత్రం నవ్వలేదు. "ఆ మాట తీసేస్తే వాళ్లు 'కొనసాగించబడవు' అని రాస్తారేమో, అది ఆలోచించావా?" అంది. ఆవిడ పదిహేనేళ్లుగా ఏటా ఇలాంటి ఉత్తరమే అందుకుంటోంది. ఆవిడకి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆ మెత్తని మాట మీద ఏటేటా ఒక ఇల్లు నిలబడి ఉంటే, దాన్ని లాగెయ్యమని చెప్పే హక్కు నాకు ఎంతుందో తెలియదు.

నా మటుకు నేను ఉత్తరం నకలు తీసి, రెండు హోప్‌ఫుల్లీల చుట్టూ సున్నాలు చుట్టి, మార్జిన్‌లో 'హూ హోప్స్?' అని రాసి, కింద పేరూ తేదీ వేసి సంతకం పెట్టాను. కార్యాలయంలో ఉత్తరాలు తీసుకునే గుమస్తా దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇదేంటి మేడమ్, అచ్చు తప్పా?"

"కాదండీ, ప్రశ్న. అందినట్టు ముద్ర వేసివ్వండి."

"ఎవరికి పంపమంటారు మరి?"

అది రాయడం మర్చిపోయాను. ఎవరికి అని రాయాలో ఆ ఉత్తరం ఎంత వెతికినా కనిపించలేదు. అతను కాసేపు నా మొహం చూసి, ముద్ర వేసి, నకలు ఇచ్చేశాడు.